తోలు ఒలిస్తే అంటు, తోలు పూసుకుంటే అందమా?



మొన్న మా బడి స్టాఫ్ రూంలో ఒక సీసా చేతులు మారింది. తోటి టీచరమ్మకి విదేశంలో ఉన్న కొడుకు పంపిన క్రీము. చారెడు కూడా లేని ఆ క్రీము ధర, మా బడిలో మధ్యాహ్నం వంట చేసే అక్కకి నెలకి వచ్చే దానికంటే ఎక్కువ. ముడతలు పోతాయంట, వయసు వెనక్కి మళ్లుతుందంట. సైన్సు పంతుల్ని కదా, అట్ట మీది సన్నక్షరాలు చదివాను. కొల్లాజెన్ అని ఉంది. పశువుల నుంచి తీసిందని కూడా ఉంది. అంటే ఏంటి మాష్టారూ అని అడిగారు. ‘గొడ్డు తోలులో ఉండే మాంసకృత్తు మేడం’ అన్నాను. గది మూగబోయింది.

నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో అదే గదిలో నాకు మంచినీళ్ల గ్లాసు వేరే పెట్టారు. ఎందుకు? మా తాత లంద కాడ తోళ్లు పదును చేసినోడు. ఆ వాసన మూడు తరాలైనా పోదంట!

ఇప్పుడు ఫ్యాక్టరీ ఏం చేస్తుందో వినండి. తోళ్ల కంపెనీల్లో సున్నంలో నానిన తోళ్ల లోపొరలు, కత్తిరింపు ముక్కలు కొని తెస్తారు. యాసిడ్‌తోనో క్షారంతోనో శుద్ధి చేసి, వేడినీళ్లలో కరిగించి, ఎంజైములతో ముక్కలు చేసి పొడి తీస్తారు. పంది తోలు, చేప తోలు, పొలుసుల నుంచి కూడా తీస్తారు. మా తాత ఏం చేశాడు? సున్నంలో నానేశాడు, వెంట్రుక తీశాడు, మాంసం గీశాడు, తంగేడు చెక్క రసంలో ఊరేశాడు. తంగేడు రసం పట్టి గట్టిపడేది ఏంటనుకున్నారు? ఆ కొల్లాజెనే! పేరు తెలియకుండానే దాని గుణం తెలిసిన రసాయన శాస్త్రజ్ఞుడు మా తాత. ఆయన తోలుతో మోట బొక్కెన కుడితే ఊరి పొలాలు తడిశాయి. చర్నాకోల అల్లి ఇస్తే అది మన వీపు మీదే పడింది.

కొల్లాజెన్ ఒక్కటే కాదు. కొరియా క్రీముల్లో నత్త జిగురు ఉంటుంది. మన పిల్లలు చెరువులో నత్తలు ఏరుకుంటే ఎగతాళి చేసినోళ్లే దాన్ని కొంటున్నారు. జపాన్‌లో ఒక పిట్ట రెట్టను పొడిచేసి ముఖానికి రాసుకోవడం పాత అలవాటు. న్యూయార్క్‌లో ఒక స్పా ఆ రెట్ట పూతకి 180 డాలర్లు తీసుకుంటుందని 2013లో పత్రికలు రాశాయి. రెట్ట పూసుకున్నోళ్లకి మైల లేదు. పాకీ పనిని 1993లో ఒకసారి, 2013లో ఇంకోసారి చట్టం చేసి నిషేధించినా, మురుగు గుంటల్లో దిగి చచ్చేది మనవాళ్లే, అంటు మనకే!

పోనీ ఆ క్రీము పనిచేస్తుందా? మన చర్మం గుండా లోపలికి దూరాలంటే అణువు బరువు సుమారు 500 డాల్టన్లు దాటకూడదని శాస్త్రజ్ఞుల లెక్క. కొల్లాజెన్ అణువు దాదాపు 3 లక్షలు. ముక్కలు చేసినా సాధారణంగా వేలల్లోనే ఉంటుంది. సూది బెజ్జంలో మోకు దూరుతుందా? పైపైన తేమ నిలుపుతుంది, అంతే. ఆ పని చవక గ్లిజరిన్ కూడా చేస్తుంది.

కొందరు అంటారు, ఫ్యాక్టరీలో శుద్ధి అయ్యాక అది మురికి కాదు కదా అని. ఒప్పుకుంటా. మరి మా తాత చేతులు సబ్బుతో కడిగితే ఎందుకు శుద్ధి కాలేదు? మురికి వస్తువులో ఉంటే కడిగితే పోవాలి. పోలేదంటే అది తోలులో లేదు, మనువు పెట్టిన మనసులో ఉంది.

ఇది నవ్వి వదిలేసే సంగతి కాదు. 2002లో హర్యానాలోని దులీనాలో తోళ్లపని మీద పోతున్న ఐదుగురు దళితుల్ని కొట్టి చంపారు. 2016లో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు తీస్తున్నారని మన పిల్లల్ని బండికి కట్టి బాదారు. అప్పుడు గుజరాత్ దళితులు కాళ్లు పట్టుకోలేదు. చచ్చిన గొడ్లను తెచ్చి సురేంద్రనగర్ కలెక్టరాఫీసు ముందు పడేశారు! చచ్చిన గొడ్లను మోయడం మానండని అంబేద్కర్ 1927లో మహద్‌లో చెప్పిన మాట అది.

కాబట్టి గూడెం పెద్దలకు నా మనవి. ‘గొడ్డు చచ్చింది, రండ్రా’ అని ఊళ్లోంచి కేక వస్తే కదలొద్దు. ట్రాక్టరు, చేతి తొడుగులు, న్యాయమైన కూలి పంచాయతీ చేత పెట్టించండి. వెట్టికి రామని చెప్పండి. అయితే తాతల విద్యకు సిగ్గుపడొద్దు. చెన్నైలో 1948లో పెట్టిన కేంద్ర తోళ్ల పరిశోధనా సంస్థ ఉంది. మన పిల్లలు అక్కడ కత్తి పట్టడానికి కాదు, శాస్త్రజ్ఞులుగా పోవాలి. ఫ్యాక్టరీలో వాటా అడగాలి.

ఇప్పుడు మా స్టాఫ్ రూంలో నా గ్లాసు అందరి గ్లాసుల్లోనే ఉంది. నేనే తీసుకెళ్లి పెట్టాను. ఎవరూ మాట్లాడలేదు.

జై భీమ్!