అమ్మీ చేతికి ఏ ఫోను?



ఈద్ రోజు మధ్యాహ్నం మా ఆత్రేయపురం ఇంట్లో షీర్ ఖుర్మా గిన్నెల్లోనే చల్లారిపోయింది గానీ బహస్ మాత్రం చల్లారలేదు. విషయం అమ్మీ ఫోను. పాతది చేతిలోంచి జారి అద్దం పగిలింది. కువైట్ నుంచి తమ్ముడు వీడియో కాల్‌లో, "ఐఫోన్ పంపిస్తాను భయ్యా, ఇంక ఏళ్ళ తరబడి చూసుకోనక్కర్లేదు" అంటాడు. చెల్లెలేమో ఆండ్రాయిడ్ చాలంటుంది. ఇంజినీరింగ్ చదివే మా మేనల్లుడు, "నానీ చేతిలో ఐఫోన్ ఉంటే ఆ షానే వేరు మామూ" అని నవ్వుతాడు. నేను ఐదేళ్ళుగా ఐఫోనే వాడుతున్నాను కాబట్టి ఫైసలా నా మీద పెట్టారు.

అసలు వాడే మనిషి వంటింట్లో ఉంది. ఆవిడ మష్వరా ఒక్కరం కూడా అడగలేదు. ఆ సంగతి నాకు తట్టింది ఇషా నమాజ్ అయ్యాక. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

మా అమ్మీ పూతరేకులు చుడుతుంది. రేకులు తీసేది పక్క వీధి ఆడవాళ్ళు. బియ్యం నానబెట్టి రుబ్బి, పిండిని నీళ్ళలా పలచగా కలిపి, అందులో గుడ్డ ముంచి, పొయ్యి మీద బోర్లించిన కుండపై ఒక్క లాగు లాగితే కాగితం కన్నా పలచటి పొర లేస్తుంది. ఆ రేకుల్ని తడిగుడ్డతో మెత్తబరిచి, నెయ్యి రాసి, పంచదార పొడో బెల్లం తురుమో జల్లి మడతలు పెట్టడం అమ్మీ పని. 2023లో మా ఊరి పూతరేకులకు జీఐ ట్యాగ్ వచ్చింది, మాషా అల్లాహ్. శనివారాలు వాడపల్లి గుడికొచ్చే జనం పొట్లాలు కొనుక్కుని వెళ్తారు. మిగతా రోజుల్లో రాజమండ్రి నుంచి, హైదరాబాద్ నుంచి వాట్సాప్‌లో ఆర్డర్లు. పైసలు ఫోన్‌లోనే పడతాయి. అంటే ఆ ఫోను ఆవిడకి షౌక్ కాదు, రోజీ.

ఇప్పుడు ఆ చేతులు ఊహించుకోండి. ఒక వేలికి నెయ్యి, ఒక వేలికి పంచదార, అరచేయి తడి. ఈ కాలపు టచ్‌స్క్రీన్ మనం ఎంత గట్టిగా నొక్కామో చూడదు. మన వేలు దగ్గరకొస్తే అద్దంలో ఉన్న కొద్దిపాటి విద్యుత్ మారుతుంది, ఆ మార్పును పట్టుకుంటుంది. నీటి చుక్క పడితే దాన్నీ వేలే అనుకుంటుంది. నెయ్యి వేలు జారిపోతుంది. వేలికొస నున్నబడితే లాక్ తెరుచుకోదు. ఇది ఏ కంపెనీ తప్పూ కాదు, తడి చెయ్యి ఎవరి ఫోన్‌నైనా తికమక పెడుతుంది.

నిజం చెప్పాలంటే అమ్మీకి అన్నిటికన్నా నప్పింది జియోఫోన్. 2017లో వచ్చిన ఆ బటన్ల ఫోను నడిచేది కాయ్ఓఎస్ అనే మూడో సిస్టమ్ మీద. మరుసటి ఏడు అందులో వాట్సాప్ కూడా వచ్చింది. బటన్ వేలికి తగిలేది, చూడకుండానే నొక్కేది, తడిసినా కొంగుతో తుడిచి పెట్టుకునేది. తర్వాత ఆ ఫోన్లకు వాట్సాప్ ఆగిపోయింది. ఆండ్రాయిడ్, ఐఫోన్ అని మనం కొట్టుకుంటున్నాం గానీ, చేత్తో పని చేసుకునే అమ్మీలకు పనికొచ్చే మూడో రాస్తా మూసుకుపోయిందని ఎవరికీ ఫికర్ లేదు.

సరే, మిగిలింది రెండు. జుబాన్ సంగతి చూద్దాం. అమ్మీ అరబీ చక్కగా చదువుతుంది, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది, ఇంగ్లీషు రాదు. ఆండ్రాయిడ్ 2014లో లాలిపాప్ వెర్షన్‌తోనే మెనూలన్నీ తెలుగులో ఇచ్చింది. ఐఫోన్‌లో మెనూలు తెలుగులోకి, ఉర్దూలోకి వచ్చింది 2025లో, ఐఓఎస్ 18.4తో. పదేళ్ళకు పైగా తేడా. మధ్యలో 2018 ఫిబ్రవరిలో ఒక తమాషా జరిగింది, గుర్తుందా? తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక తీరులో మెసేజ్‌లో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. లక్షలాది మంది చదువుకునే అక్షరం, లక్ష రూపాయల ఫోన్‌కు మింగుడు పడలేదు. కొద్ది రోజుల్లోనే అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు, అది వేరే మాట. ఇప్పుడు రెండింట్లోనూ తెలుగు ఉంది కాబట్టి పాత హిసాబ్ తీసి ఐఫోన్‌ను తోసెయ్యడం ఇన్సాఫ్ కాదు.

నా ఫోన్‌కున్న ఖూబీ కూడా చెప్పాలి. అప్‌డేట్లు చాలా ఏళ్ళు వస్తాయి, మళ్ళీ అమ్మితే మంచి ధర పలుకుతుంది. ముఖం చూసి తెరుచుకుంటుంది కాబట్టి నెయ్యి వేళ్ళతో పేచీ లేదు. 2022 నుంచి కొత్త మోడళ్ళు మాస్కు ఉన్నా కళ్ళ దగ్గర చూసి గుర్తుపడుతున్నాయి. అజాన్ టైము, ఖిబ్లా చూపే యాప్‌లు రెండింట్లోనూ ఉన్నాయి, దాని మీద బహస్ అనవసరం.

మేనల్లుడి సంగతి ఇక్కడే ఒక మాట. వాడు తనకూ ఒకటి "నో కాస్ట్ ఈఎమ్‌ఐ"లో ఇప్పించమంటున్నాడు, అందులో సూద్ లేదు కదా అని. బేటా, బిల్లు చదువు. క్రెడిట్ కార్డు మీద బ్యాంకు వడ్డీ వేస్తూనే ఉంటుంది, అమ్మేవాడు అంత మొత్తం ముందే డిస్కౌంట్‌గా తగ్గిస్తాడు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మాత్రం నీ నెత్తినే. జాయజా కాదా అన్నది ఆలిమ్ సాబ్‌ని అడుగు. లేదనుకుని మాత్రం సంతకం పెట్టకు.

మర్నాడు ఫజర్ అయ్యాక అమ్మీ పని మొదలుపెట్టింది. నా ఐఫోన్, చెల్లెలి ఆండ్రాయిడ్ రెండూ తెలుగులోకి మార్చి పీట పక్కన పెట్టాను. "అమ్మీ, నువ్వే చూసి చెప్పు" అన్నాను. అనుమానంగా చూసింది. కొంగుకు చెయ్యి తుడుచుకుని నా ఫోన్‌లో వాట్సాప్ తెరిచి, ఒక ఆర్డరు చూసి, అక్కడే ఆగిపోయింది.

"వెనక్కి ఎలా రావాలి బేటా?"

ఎడమ అంచు నుంచి వేలు లాగాలని చూపించాను. రెండుసార్లు లాగింది, జారింది. పైన మూల బాణం గుర్తుంది, అక్కడికి బొటనవేలు అందలేదు, రెండో చేతిలో రేకు ఉంది. తర్వాత చెల్లెలి ఫోను తీసుకుంది. దాని సెట్టింగుల్లో మూడు బటన్ల నావిగేషన్ పెట్టి ఉంది. కింద వెనక్కి గుర్తు ఎప్పుడూ ఒకే చోట. ఆర్డరు చూసింది, వెనక్కి వచ్చింది, ఇంకోటి చూసింది. మైకు నొక్కి "నెయ్యివి ఇరవై, బెల్లంవి పది, అస్ర్ లోపు ఇస్తాం" అని వాయిస్ పంపి మళ్ళీ రేకు అందుకుంది.

ఐదేళ్ళుగా అంచు నుంచి వేలు లాగుతూనే ఉన్నాను. అదొక తక్‌లీఫ్ అని నాకు ఒక్కసారి కూడా తోచలేదు. నాకు రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, వేళ్ళు పొడిగా ఉంటాయి. మన ఇళ్ళల్లో ఫోను ఎంచేది చాలావరకు మనలాంటి పొడిచేతుల వాళ్ళమే. మీ ఇంట్లో అమ్మీకో భాభీకో కొనేటప్పుడు పెట్టెలో కొత్తది తెచ్చి చేతిలో పెట్టే ముందు, పాత ఫోన్లు రెండు తెచ్చి పని మధ్యలో వాడనివ్వండి. సైగలా బటన్లా, ఏ జుబాన్, అక్షరం ఎంత పెద్దది, అన్నీ ఆవిడే చెబుతుంది.

చెల్లెలే రావులపాలెం వెళ్ళి మధ్యరకం ఆండ్రాయిడ్ తెచ్చింది. తమ్ముడు కొంచెం నొచ్చుకున్నాడు. అమ్మీ కొత్త ఫోన్‌లోంచి మొదటి వాయిస్ వాడికే పంపింది: "ఫోను వద్దు బేటా. వచ్చేటప్పుడు మంచి ఖజూర్ పట్రా."