ఎండిన యేటికి కర్మాగారపు నీరు



మన అనంతపుర సీమలో నీటి విలువ కడవ మోయు మనకు తెలిసినంత మఱియెవరికిని తెలియదు. సాలుకు సుమారు 550 మిల్లీమీటర్ల వానయే మనకు గతి. పెన్న, చిత్రావతి, వేదవతి యనునవి పటములో నీలిగీతలే గాని, పెక్కునెలలు వానిలో నుండునది యిసుకయే.

ఇట్టి సీమకు ఇపుడు పెద్ద యంత్రశాలలు వచ్చుచున్నవి. పెనుకొండ చెంత కియా వారి మోటారుకార్ల కర్మాగారమునకు 2017లో ఒప్పందము జరిగెను; 2019లో కార్లు వెలువడెను. (ఆ ప్రాంతము 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనిది.) దానికి నీరు గొల్లపల్లి జలాశయమునుండి, ఆ జలాశయమునకు హంద్రీ-నీవా కాలువ తెచ్చు కృష్ణానది నీరు. ఆ కర్మాగారము చెఱుపు చేసినదని నే ననుట లేదు. మన బిడ్డలు బెంగుళూరికి వలసపోక యిచటనే జీతము తెచ్చుకొనుట నాకును సంతోషమే. కాని యే కర్మాగారము వచ్చినను, నీరు లోనికి వచ్చు త్రోవను గూర్చి విచారించువారు పెక్కురు. వెలుపలికి పోవు త్రోవను గూర్చి యడుగువారు తక్కువ.

పొగలేదు గనుక కల్మషము లేదని తలంపరాదు. కార్లకు రంగు పూయుటకు ముందు లోహపు తొడుగును జింకు, నికెలు వంటివి కలిసిన ద్రావణములలో ముంచి, పలుమార్లు కడుగుదురు. కంప్యూటర్లకు వలయు చిప్పులు చేయుచోట ధూళికణమైన నుండరాదు. అయినను అచట వాడు ద్రావకములు కొన్ని విషప్రాయములు. అమెరికాలో కాలిఫోర్నియాయందలి శాన్ హోసే నగరమున అట్టి శాల యొకదాని భూగర్భపు తొట్టి కారి, ద్రావకము త్రాగునీటి బావిలో చేరిన సంగతి 1982లో లోకమునకు తెలిసెను.

అంతదూర మేల? హైదరాబాదు చెంత పటాన్‌చెరు సంగతి చూడుడు. అచటి మందుల కర్మాగారముల మురుగు నక్కవాగు వెంబడి మంజీర వైపునకు పాఱి, పొలములను బావులను చెఱచెను. 1990లో ఆ వ్యాజ్యము సుప్రీంకోర్టు కెక్కెను. పిమ్మట శుద్ధిశాల వెలసినది. ఆ శాలనుండి శుద్ధియై వెలువడిన నీటినే స్వీడను శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితములు ప్రకటించిరి: లీటరుకు 31 మిల్లీగ్రాముల వఱకు సిప్రోఫ్లాక్ససిన్! కొన్ని సూక్ష్మజీవులకు హానిచేయు మోతాదునకు అది వేయిరెట్లు మించినది. అట్టి నీటిలో బ్రదుక నేర్చిన సూక్ష్మజీవి బిడ్డ నంటుకొన్నచో, వైద్యుడిచ్చు మందు పనిచేయకపోవచ్చును.

చిటికెడు ఉప్పు గంగాళములో పడిన రుచికి తెలియదు. చెంబులో పడిన నోట పెట్టుకొనలేము. నిండుగా పాఱు గోదావరి గంగాళము. మన పెన్న చెంబు, అదియును వట్టి చెంబు. ఎండినయేట విడిచిన మురుగును పలుచన చేయుటకు వేఱు నీరు లేదు. ఆ మురుగే యేరగును. అది యిసుకలో నింకి, మన చెలమలకును బోరుబావులకును చేరును. మురుగును బయట విడువక మరల వాడుకొని, మిగిలినదానిని ఆవిరి చేయుదుమని చెప్పు శాలలు గలవు, అది మేలే. అయినను పాయసము మరిగినకొలది గిన్నె యడుగున చిక్కనగుట మన మెఱుగనిదా? ఆ మడ్డిని ఎచట పోయుదురో, తొలివానకు అది యే చెఱువున పడునో అడుగవలయును.

కాచి వడపోసిన చాలునని కొందఱందురు. కాచిన సూక్ష్మజీవులు చచ్చునే గాని లోహములు పోవు. నీరు తగ్గినకొలది చిక్కనగును. మన బావులలోని ఫ్లోరైడు కాచుటచే తగ్గినదా? ఇండుపగింజ అరగదీసి కలిపిన బురద పేరును, కరిగిన విషము పేరదు. పాలును నీటిని వేఱుచేయు హంస కవుల కావ్యములలోనిదే. మన వంటింట లేదు.

1974 నాటి జలకాలుష్య చట్టములో 25వ సెక్షను క్రింద, మురుగు విడుచుటకు విధించిన షరతులను రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ఒక రిజిస్టరులో వ్రాసి యుంచవలయును. ఆ మురుగువలన బాధ కలుగువారు దానిని చూడవచ్చును. ఇంగ్లీషు చదివిన కూతురినో కోడలినో వెంటబెట్టుకొని పోవుడు. మీ యూరి చెంత కర్మాగారము రానున్నదని తెలిసినచో, అది రాకమునుపే బావినీటిని పరీక్ష చేయించి, తేదీ వేయించిన ఆ కాగితమును నగలపెట్టెలో భద్రపఱచుకొనుడు. మునుపటి నీరెట్టిదో చూపలేనివారి మాట ఏ కచ్చేరిలోను చెల్లుట కష్టము.