బాన్సువాడ నుంచి జపనీస్ పుస్తకం వెతికితే.. యూనివర్సిటీ లైబ్రరీలో ఏం దొరుకుతుంది? ఎలా దొరుకుతుంది?

ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో విదేశీ ఉద్యోగం అంటే చాలా ఏళ్లుగా గల్ఫే. ఇప్పుడు ఆ జాబితాలో జపాన్ కూడా చేరింది. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సింగ్ చదివిన వారి కోసం జపాన్ ఉద్యోగాల నోటిఫికేషన్లు ఇస్తోంది. 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి జపాన్ పర్యటనలో 500 ఉద్యోగాల కోసం ఒప్పందాలు కుదిరాయి. అదే ఏడాది ఆగస్టులో భారత్, జపాన్ ప్రభుత్వాలు వచ్చే ఐదేళ్లలో భారత్ నుంచి 50 వేల మంది నైపుణ్యం ఉన్న కార్మికులను జపాన్‌కు పంపాలని లక్ష్యం పెట్టుకున్నాయి.

అయితే గల్ఫ్‌కు, జపాన్‌కు ఒక పెద్ద తేడా ఉంది. దుబాయ్ వెళ్లడానికి అరబిక్ పరీక్ష రాయక్కర్లేదు. జపాన్‌కు వెళ్లాలంటే ముందు భాష రావాలి. మరి బాన్సువాడలో ఉంటూ జపనీస్ నేర్చుకోవాలనుకుంటే పుస్తకాలు ఎక్కడ దొరుకుతాయి? కోచింగ్ సెంటర్‌కు ఫీజు కట్టే ముందు, మీ పన్నులతో నడిచే లైబ్రరీల్లో ఏముందో తెలుసుకోవచ్చా? వివరంగా చూద్దాం.

ముందు మీకు ఏ పుస్తకం కావాలి?

లైబ్రరీకి వెళ్లి 'జపనీస్ పుస్తకం కావాలి' అంటే సరిపోదు. లక్ష్యం తెలిస్తేనే వెతకడం తేలిక.

జపాన్ 2019 ఏప్రిల్‌లో 'స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్' వీసా ప్రారంభించింది. దీనిపై 2021 జనవరిలో భారత్‌తో ఒప్పందం కుదిరింది. ఈ వీసాకు జేఎల్‌పీటీ పరీక్షలో ఎన్4 స్థాయి గానీ, జేఎఫ్‌టీ బేసిక్ పరీక్షలో ఉత్తీర్ణత గానీ ఉండాలి. జేఎఫ్‌టీ బేసిక్‌లో 250 మార్కులకు 200 రావాలి. వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లేవారు వీటితో పాటు ఆ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష, కేర్ జపనీస్ పరీక్ష కూడా రాయాలి. జపనీస్‌లో ఈ పనిని 'కైగో' అంటారు.

ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోండి. కైగో ఉద్యోగం, రిజిస్టర్డ్ నర్సు ఉద్యోగం ఒకటి కావు. అక్కడ నర్సుగా పనిచేయాలంటే జపాన్ జాతీయ నర్సింగ్ పరీక్షను జపనీస్‌లోనే రాసి పాసవ్వాలి. దానికి కావాల్సిన భాష ఎన్4 కంటే చాలా పై స్థాయిది. మీరు వెళ్తున్నది ఏ ఉద్యోగానికో తేల్చుకోకుండా పుస్తకాలు కొన్నా, ఫీజు కట్టినా నష్టపోయేది మీరే.

దగ్గర్లో ఏ లైబ్రరీలు ఉన్నాయి?

బాన్సువాడకు దగ్గర్లో ఉన్నది 2006లో ఏర్పాటైన తెలంగాణ యూనివర్సిటీ. ప్రధాన క్యాంపస్ డిచ్‌పల్లిలో, సౌత్ క్యాంపస్ కామారెడ్డి జిల్లా భిక్కనూరులో ఉన్నాయి. యూనివర్సిటీ లైబ్రరీలు సాధారణంగా తమ విభాగాల సిలబస్ చూసి పుస్తకాలు కొంటాయి. అందుకే జపాన్ చరిత్ర, ఆర్థిక వ్యవస్థ మీద ఇంగ్లిష్ పుస్తకాలు దొరికే అవకాశం ఎక్కువ. జపనీస్ భాషలో ఉన్న పుస్తకాలు దొరికే అవకాశం తక్కువ.

రాష్ట్రంలో ఈ అవసరానికి సరిగ్గా సరిపోయే చోటు హైదరాబాద్‌లోని ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ. 1958లో ఇంగ్లిష్ బోధనా సంస్థగా మొదలై, తర్వాత విదేశీ భాషలను చేర్చుకుని, 2007లో సెంట్రల్ యూనివర్సిటీ అయింది. తార్నాక దగ్గర, ఉస్మానియా యూనివర్సిటీని ఆనుకుని ఉంటుంది. అక్కడ జపనీస్ బోధిస్తారు. దాని లైబ్రరీ పేరు రమేశ్ మోహన్ లైబ్రరీ. సంగారెడ్డి జిల్లా కందిలోని ఐఐటీ హైదరాబాద్ క్యాంపస్ నిర్మాణానికి జపాన్ ఆర్థిక సహకారం అందించింది. జపాన్ యూనివర్సిటీలతోనూ ఆ ఐఐటీకి సంబంధాలున్నాయి.

బస్సెక్కే ముందు ఏం చేయాలి?

ఇంట్లో కూర్చునే ఫోన్‌లో క్యాటలాగ్ చూడండి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 'ఇండ్‌క్యాట్' పేరుతో దేశంలోని యూనివర్సిటీ లైబ్రరీల ఉమ్మడి క్యాటలాగ్ నడుపుతోంది. అందులో పుస్తకం పేరు కొడితే అది ఏయే యూనివర్సిటీల్లో ఉందో చూపిస్తుంది. ఇక్కడ కనిపించకపోతే ఆ లైబ్రరీ సొంత క్యాటలాగ్‌లోనూ చూడండి. కొత్తగా కొన్న పుస్తకాలు ఉమ్మడి జాబితాలోకి ఎక్కడానికి సమయం పడుతుంది.

పుస్తకం ఉన్నా క్యాటలాగ్‌లో ఎందుకు కనిపించదు?

చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కారణం లిపి.

మన గురజాడ 'కన్యాశుల్కం' అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉంది. కానీ అక్కడి క్యాటలాగ్‌లో పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, వాటిపైనా కిందా గుర్తులు పెట్టి, ఒక నిర్ణీత పద్ధతిలో రాస్తారు. మనం వాట్సాప్‌లో టైప్ చేసే స్పెల్లింగ్ వేరు. జపనీస్ పుస్తకాలకూ ఇదే చిక్కు. హిరగానా, కటకానా, కంజి అనే మూడు లిపులు కలిపి రాసే పేర్లను మన లైబ్రరీల్లో చాలావరకు ఇంగ్లిష్ అక్షరాల్లోనే ఎక్కిస్తారు.

దీంతో మూడు ఇబ్బందులు వస్తాయి. మొదటిది స్పెల్లింగ్. 'షి' అనే శబ్దాన్ని ఒక పద్ధతిలో ఎస్-హెచ్-ఐ అని రాస్తే, మరో పద్ధతిలో ఎస్-ఐ అని రాస్తారు. 'త్సు' అనేది ఒకచోట టి-ఎస్-యు, మరోచోట టి-యు. రెండోది దీర్ఘాలు. 'ఓ' దీర్ఘానికి కొందరు ఓ మీద గీత పెడతారు, కొందరు ఓ-యు అని రాస్తారు, కొందరు ఒట్టి ఓతో సరిపెడతారు. మూడోది పదాల మధ్య ఖాళీ. జపనీస్‌లో మామూలుగా పదాల మధ్య ఖాళీ ఇవ్వరు. ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఎక్కడ విడగొట్టాలో క్యాటలాగ్ చేసేవారే నిర్ణయించాలి.

ఒక ఉదాహరణ. 'మిన్నా నో నిహోంగో' చాలా కోచింగ్ సెంటర్లలో వాడే పాఠ్యపుస్తకం. దీన్ని మూడు పదాలుగా కొట్టకుండా 'మిన్నానో' అని కలిపి కొడితే కొన్ని క్యాటలాగ్‌లు ఏమీ లేదని చెప్పేస్తాయి. పుస్తకం అలమరాలోనే ఉంటుంది. వెతికిన మనిషి మాత్రం లేదనుకుని వెళ్లిపోతాడు.

మరి ఎలా వెతకాలి?

అన్నిటికంటే నమ్మకమైనది ఐఎస్‌బీఎన్. పుస్తకం వెనక అట్టపై ఉండే 13 అంకెల సంఖ్య ఇది. దీనికి స్పెల్లింగ్‌తో పనిలేదు. జపాన్‌లో అచ్చైన పుస్తకాల సంఖ్య 978-4తో మొదలవుతుంది. మన దేశంలో అచ్చైనవి 978-81 లేదా 978-93తో మొదలవుతాయి. 'మిన్నా నో నిహోంగో'కు భారతీయ ముద్రణ కూడా ఉంది. కాబట్టి ఒకే పుస్తకానికి రెండు నంబర్లు ఉండొచ్చు. రెండూ కొట్టి చూడండి.

రెండో మార్గం అలమరా సంఖ్య. డ్యూయీ పద్ధతి పాటించే లైబ్రరీల్లో జపనీస్ భాష పుస్తకాలు 495.6 దగ్గర, జపనీస్ సాహిత్యం 895.6 దగ్గర, జపాన్ చరిత్ర 952 దగ్గర ఉంటాయి. పోల్చుకోవడానికి చెప్పాలంటే తెలుగు భాష సంఖ్య 494.827. లోపలికి వెళ్లే అనుమతి ఉంటే, క్యాటలాగ్ లేదన్నా నేరుగా 495.6 అలమరా దగ్గరికి వెళ్లి చూడండి.

మూడోది జపనీస్ కీబోర్డు. ఫోన్‌లోని జీబోర్డ్‌లో జపనీస్ భాషను ఉచితంగా చేర్చుకోవచ్చు. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే కంజిలోకి మారుస్తుంది. మూల లిపి కూడా ఎక్కించిన క్యాటలాగ్‌లలో ఇది పనిచేస్తుంది. రచయిత పేరుతో వెతికేటప్పుడు మాత్రం జపాన్‌లో ఇంటిపేరు ముందు వస్తుందని గుర్తుంచుకోండి. మన దగ్గరా అంతే కాబట్టి ఇది కష్టమేమీ కాదు.

బయటివారిని లోపలికి రానిస్తారా?

యూనివర్సిటీ లైబ్రరీ ప్రధానంగా తన విద్యార్థుల కోసమే. బయటివారికి నిబంధనలు ఒక్కోచోట ఒక్కోలా ఉంటాయి. కొన్నిచోట్ల అక్కడే కూర్చుని చదవడానికి అనుమతిస్తారు, కొన్నిచోట్ల డిపాజిట్ అడుగుతారు, మరికొన్నిచోట్ల కాలేజీ లెటర్ తెమ్మంటారు. బాన్సువాడ నుంచి హైదరాబాద్ వెళ్లి రావడానికి ఒక రోజంతా పోతుంది. అందుకే ముందుగా లైబ్రేరియన్‌కు ఈమెయిల్ పెట్టి మూడు విషయాలు అడగండి. బయటివారికి ప్రవేశం ఉందా? ఏ గుర్తింపు పత్రాలు తేవాలి? నాకు కావాల్సిన ఫలానా ఐఎస్‌బీఎన్ పుస్తకం ఇప్పుడు అలమరాలో ఉందా?

జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం ఉంది. ప్రభుత్వ యూనివర్సిటీలు ఈ చట్టం కిందికి వస్తాయి. లైబ్రరీ ప్రవేశ నిబంధనల ప్రతి కావాలని దరఖాస్తు చేయొచ్చు. కేంద్ర సంస్థలకైతే ఫీజు 10 రూపాయలు.

మీరు కాలేజీ విద్యార్థి అయితే మరో దారి ఉంది. మీ కాలేజీ 'డెల్‌నెట్' సభ్యత్వం తీసుకుందేమో అడగండి. ఢిల్లీ కేంద్రంగా పనిచేసే ఈ లైబ్రరీల నెట్‌వర్క్‌లో ఒక లైబ్రరీ మరో లైబ్రరీ నుంచి పుస్తకం అరువు తెప్పించుకోవచ్చు. అడగాల్సింది మీ కాలేజీ లైబ్రేరియన్.

లైబ్రరీకి వెళ్లకుండానే దొరికేవి ఏమిటి?

ఎన్4 స్థాయి వరకు అయితే చాలావరకు ఉచితంగానే దొరుకుతాయి. జపాన్ ఫౌండేషన్ రూపొందించిన 'ఇరోదొరి' పాఠ్యపుస్తకాలను పీడీఎఫ్‌లుగా, ఆడియోతో సహా డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఇవి జపాన్‌లో పనిచేసే విదేశీయులను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినవి. జేఎఫ్‌టీ బేసిక్ పరీక్ష స్థాయి వరకు వస్తాయి. ఎన్‌హెచ్‌కే వరల్డ్ 'ఈజీ జపనీస్' పాఠాలు హిందీలోనూ ఉన్నాయి. కైగో నైపుణ్య పరీక్షకు కావాల్సిన స్టడీ మెటీరియల్ కూడా ఇంగ్లిష్‌లో ఉచితంగా లభిస్తుంది. చదవడం వచ్చాక 'అఓజొరా బున్కో' వెబ్‌సైట్‌లో కాపీరైట్ ముగిసిన జపనీస్ కథలు, నవలలు చదువుకోవచ్చు.

ఈ మెటీరియల్ గురించి తెలియని వారే మోసపోతారు. ఉచితంగా దొరికే పీడీఎఫ్‌ను ప్రింట్ తీసి 'స్పెషల్ మెటీరియల్' అంటూ డబ్బులు అడిగితే, అది ఎక్కడిదో మీరే పోల్చుకోగలగాలి. ఉపాధ్యాయుడి అవసరం లేదని దీని అర్థం కాదు. ఉచ్చారణ, సంభాషణ నేర్పడానికి మనిషి కావాలి. ఫీజు కట్టాల్సింది ఆ బోధనకు, పీడీఎఫ్‌కు కాదు.

మార్పు ఎక్కడ రావాలి?

మీరు కట్టే ఆస్తి పన్నులో ప్రతి రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలవుతుంది. ఆ డబ్బు జిల్లా గ్రంథాలయ సంస్థకు వెళ్లాలి. పోటీ పరీక్షల పుస్తకాల కోసం యువత అడిగితే శాఖా గ్రంథాలయాలు తెప్పిస్తున్నాయి. జపనీస్ పుస్తకాలనూ అలాగే అడగొచ్చు. ఒక సెట్ 'మిన్నా నో నిహోంగో', ప్రింట్ తీసి బైండ్ చేసిన 'ఇరోదొరి' ఉంటే మొదలుపెట్టడానికి చాలు. అడగడం రాతపూర్వకంగా, పది మంది సంతకాలతో ఉంటే మంచిది. ఎందుకంటే అడిగిన దాఖలా లేని పుస్తకాన్ని ఏ లైబ్రరీ కొనదు.

యూనివర్సిటీల వైపు నుంచి కావాల్సిందీ పెద్దదేం కాదు. బయటివారికి వర్తించే నిబంధనలను వెబ్‌సైట్‌లో స్పష్టంగా పెట్టాలి. జపనీస్ పేర్లను మూల లిపిలోనూ ఎక్కించాలి. యువతను జపాన్ పంపుతామని ప్రభుత్వం చెబుతున్నప్పుడు, ఆ భాష పుస్తకం తార్నాకలో ఏ అలమరాలో ఉందో బాన్సువాడలో కూర్చున్న వారికి తెలియాలి కదా.