పెట్టెలు సరే, బాణాల సంగతేంటి?

ప్రాసెస్ మోడల్ గీయమంటే మనవాళ్ళు ముందు పెట్టెలు గీసేస్తారు. "బిల్లు పరిశీలన", "ఆమోదం", "చెల్లింపు", మధ్యలో బాణాలు. చూడ్డానికి బానే ఉంటుంది, క్లయింటు కూడా తలూపేస్తాడు. నన్నడిగితే అసలు పనంతా ఆ బాణాల మీదే ఉంది. ఏ బాణం మీద ఏం వెళ్తోందో రాయకపోతే ఆ బొమ్మ గోడకి తగిలించుకోడానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

నేను చేసిన తప్పే చెప్తా. ఓ కొనుగోళ్ళ ప్రాజెక్టులో బిల్లు పరిశీలనకి ఇన్‌పుట్లు మూడు: సప్లయర్ బిల్లు, కొనుగోలు ఆర్డరు, గోడౌన్ ఇచ్చే సరుకు రసీదు. మూడింట్లోనూ పరిమాణం కలిస్తేనే డబ్బు. నేను "సరుకు రసీదు" అని రాసి ఊరుకున్నా. తీరా చూస్తే ఆర్డర్లో కిలోలు, గోడౌన్ వాళ్ళు రాసేది బస్తాలు! టెస్టింగుకి డేటా మేమే తయారుచేసుకున్నాం కాబట్టి అన్నీ చక్కగా కలిశాయి. లైవ్‌లోకి వెళ్ళాక బిల్లులు వరసగా ఆగిపోయాయి. పెద్ద సప్లయర్లు ఫోన్ చేసి తిట్టారు. చిన్నవాళ్ళు తిట్టలేక ఎకౌంట్స్ గది బయట బెంచీ మీద కూర్చున్నారు. ఆ బెంచీ నాకింకా గుర్తే.

1993లో అమెరికా ప్రభుత్వ ప్రమాణంగా వచ్చిన ఐడెఫ్-జీరో పద్ధతిలో ఇన్‌పుట్ పెట్టెకి ఎడమ నుంచి, నియమాలు పైనుంచి, పనిచేసే మనుషులూ యంత్రాలూ కిందనుంచి వస్తాయి. ఔట్‌పుట్ కుడివైపుకి పోతుంది. బాణాలకి పేర్లు కూడా పెట్టమంటుంది. మంచిదే, కానీ పేరొక్కటే చాలదు. ఏ కొలతలో, ఎవరిస్తారు, ఎలా ఉంటే తీసుకోం, తీసుకోకపోతే ఎక్కడికి పోతుంది, ఇవీ రాయాలి.

రాసేస్తే సరిపోతుందా అంటారా? అదీ లేదు. 1999లో నాసా మార్స్ క్లైమేట్ ఆర్బిటర్‌ని పోగొట్టుకుంది. లెక్క మెట్రిక్ కొలతల్లో ఇవ్వాలని స్పెసిఫికేషన్లో రాసే ఉంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ మాత్రం దాన్ని పౌండ్లలో ఇచ్చింది. తీసుకున్నవాళ్ళు న్యూటన్లనే అనుకున్నారు. తేడా దాదాపు నాలుగున్నర రెట్లు!

అందుకే ఇప్పుడు నాదొకటే పట్టుదల. ఔట్‌పుట్ వివరం ఇచ్చేవాడు రాయాలి, దాన్ని తీసుకునేవాడు అసలు కాగితం ఒకటి ముందు పెట్టుకుని సరిచూసి సంతకం పెట్టాలి. ఆ రోజు గోడౌన్ రసీదు ఒక్కటి తెప్పించుకుని చూసుంటే, ఆ బెంచీ ఖాళీగా ఉండేది.