సిమెంటు నేలపై కొయ్య సొగసు

ఉప్పలు దాటి వరంగల్లు పోవు రహదారి మీదనున్న మేడిపల్లి నుండి యొక సోదరి మాకు జాబు వ్రాసిరి. వారు ఇంటి వెనుక నొక గది కట్టుకొనిరట. గోడలు లేచినవి, కప్పు పడినది, తలుపులు వచ్చినవి. నేల వంతు వచ్చునప్పటికి చేతి సొమ్ము నిండుకొన్నది. తాండూరు బండలు గాని టైల్సు గాని పఱపించుటకు శక్తి చాలక వట్టి సిమెంటు నేలతో నిలిపివేసిరి. "ఆ బూడిదరంగు చూచినపుడెల్ల మనసు చివుక్కుమనుచున్నది. టేకు పలకలు పఱచినట్లు రంగు వేయవచ్చునని యెవరో చెప్పిరి. ఆ గదిలో మా మామగారు పండుకొందురు. వారికి చూపు తక్కువ. వేసిన రంగు నిలుచునా? వారు కాలు జాఱి పడరు గదా?" అని వారి ప్రశ్న. ఇట్టి చిక్కు ఆమె యొక్కరిదే కాదు గనుక ఈ నెల దీనినే తీసికొనుచున్నాము.

రంగు వేయవచ్చును. అది నిలుచుటయు నిలువకపోవుటయు క్రిందనున్న నేలను బట్టి యుండును.

ఒక వస్తువును మఱియొక వస్తువువలె కనబఱచుట తగునా యని శంకించువారు కలరు. ఇంగ్లండునందు చౌకకొయ్య తలుపులపై ఓకు చారలు చిత్రించు విద్య పందొమ్మిదవ శతాబ్దమున మిక్కిలి ప్రబలినది. 1849లో రస్కిను పండితుడు తన వాస్తువిద్యా గ్రంథమున ఇట్టి పనిని అసత్యమని గర్హించెను. రెండేండ్లకు, 1851లో, లండను మహాప్రదర్శనమునందు థామస్ కెర్షా అను పనివాడు అదే విద్యకు బహుమానమందెను. మన దక్షిణదేశమున సున్నపు గచ్చును నున్నగా రుద్ది చలువరాతివలె మెఱయించుట పాతపనియే, దానికెవ్వరును తప్పుపట్టలేదు. మా మట్టుకు కంటి కింపుగా వేసిన చారలలో మోసమేమియు కనబడదు. క్రింద చెమ్మ యుండగా పైన రంగు పూసి దానిని కప్పుట మాత్రము మోసమే. అది తొలివానకే పొక్కులై లేచి బయటపడును.

నిజమైన కొయ్యనేల మన యిండ్లకు అంతగా పొసగదు. మనము నేలను తడిగుడ్డతో తుడుచుకొనువారము. పండుగ వచ్చిన నీళ్లు పోసి కడుగుకొనువారము. వానకాలమున కొయ్య ఉబ్బును, ఎండకాలమున విచ్చును, చెదలు సరేసరి. సిమెంటునకు ఈ బాధ లేదు.

కావున ముందుగా చెమ్మను పరీక్షింపుడు. నేల వేసిన 28 దినముల వఱకు రంగు తలపెట్టరాదు. పిదప 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టికు కాగితమును నేలపై పఱచి, నాలుగంచులను గాలి చొరకుండ అంటించి, ఒక రాత్రియు మఱునాడు మధ్యాహ్నము వఱకును ఉంచుడు. ఎత్తి చూచినపుడు అడుగున నీటిబిందువులు కనబడినను, నేల నల్లబడినను చెమ్మ యున్నట్లే. గోడ ప్రక్కన నొకచోట, గది నడుమ నొకచోట, నీళ్లగది వైపు నొకచోట చూడవలెను. తేమ కనబడినచో ఆగుడు. వేసవి గడచిన తరువాత మఱల చూడుడు. అప్పటికిని తగ్గనిచో మేస్త్రిని పిలిపించి, నీరు ఎచటినుండి వచ్చుచున్నదో కనిపెట్టి దానిని సరిచేయింపవలెను. ఈ ఒక్క పరీక్షకు ఖర్చేమియు లేదు గాని, దీనిని మానివేసి తరువాత రంగంతయు గోకించుకొన్నవారే యెక్కువ.

తరువాత నేలపై నాలుగు చుక్కలు నీరు చల్లుడు. ఇంకిపోయిన మంచిదే. ముత్యములవలె నిలిచిన అచట నూనెజిడ్డు కలదని యర్థము. సబ్బునీటితో తోమి కడిగి, ఆరనిచ్చి, మఱల చూడవలెను. నెఱ్ఱెలను పూడ్చి, ఉప్పుకాగితముతో తడిపి రుద్దుడు. పొడిగా రుద్దినచో లేచెడి సన్నని ధూళి ఊపిరితిత్తులను చెఱచును. పనివాండ్రు కొందఱు యాసిడు పోసి కడుగుదమందురు. పసిపిల్లలును వృద్ధులును మసలు ఇంటిలో మేము దానికి సమ్మతింపము. అందులోను యాసిడును బ్లీచింగు పౌడరును ఎన్నడును ఒకచోట చేరనీయరాదు. విషవాయువు పుట్టి ప్రాణము మీదికి వచ్చును.

ఇక రంగు. నేలలకై అమ్మెడి ప్రైమరు ఒక పూత, దానిపై తేనెరంగు రెండు పూతలు వేసి ఆరనిండు. అది కొయ్య యొక్క లేతవన్నె. పలకల వెడల్పు 5 అంగుళములైన చక్కగా నుండును. 10 అడుగుల గదికి 24 వరుసలు వచ్చును. ప్రక్కప్రక్క వరుసలలో అతుకులు ఒకే తిన్నన పడనీయకుడు. నిజమైన వడ్రంగి అట్లు పఱవడు గనుక కన్ను వెంటనే పట్టివేయును. అంటుపట్టీతో ఒక్కొక్క పలకను వేఱుచేసి, ముదురు గోధుమరంగును పలుచగా పూసి, తడి యారకముందే పొడికుంచెతో పలక పొడవున ఒక్క ఊపున లాగవలెను. అంగళ్లలో దీనికై చారల దువ్వెనయు దొరకును. పలక నడుమ చారలు కమానులవలె వంగును. అంచులవద్ద తిన్నగా సాగును. ఇంటిలో పాత టేకు తలుపో మంచమో యున్న దానినే గురువుగా నుంచుకొనుడు. ముడులు అందముగా నున్నవని అన్ని పలకలకును పెట్టకుడు. గదికి నాలుగైదు చాలును. ముందు ఒక అట్టముక్కపై చేయి సాధించి, పిదప మంచము క్రిందికి పోవు మూల నుండి మొదలుపెట్టుట మేలు.

ఇంకను నేల వేయించనివారు ఇంత శ్రమపడనక్కఱలేదు. పై పొర సిమెంటులోనే ఎఱ్ఱ ఇనుప ఆక్సైడు పొడి కలిపించవచ్చును. సిమెంటు తూకమునకు నూటికి పదివంతులు మించరాదు. చారలుండవు గాని ఆ యెఱుపు మా కంటికి టేకుకంటె తక్కువ కాదు.

మామగారి మాటకు వత్తుము. చారలపై నేలలకు వేయు పారదర్శకపు వార్నీషు రెండు మూడు పూతలు పడవలెను. మెఱయునది కొనకుడు, తడిసినపుడు అది జాఱును, చూపు తక్కువవారికి దాని తళుకు నీటిమడుగువలె తోచును. మెఱుపు లేని రకము తీసికొని, చివరి పూతలో కాలు జాఱకుండుటకై అమ్మెడి సన్నని గరుకుపొడి కలిపింపుడు. ద్వారమునుండి మంచమువఱకును, మంచమునుండి నీళ్లగది వఱకును ఇది తప్పనిసరి. గడపవద్ద నేల ఎత్తుపల్లములుండిన, అచట చారలు వేయక ఒకే లేతరంగు పట్టీ తీర్చుడు. చారల గందరగోళములో మెట్టు కానరాక తడబడుదురు.

పని జరుగు దినములలో వృద్ధులను ఆ గదిలో పరుండనీయకుడు. కిటికీలు తెఱచి వాసన పోనిండు. చివరి పూత వేసిన ఒక దినమునకు ఉత్తకాళ్లతో నడువవచ్చును. మంచము, బీరువా వంటి బరువులు వారము దాటిన తరువాతనే, కోళ్లక్రింద గుడ్డముక్కలుంచి, ఈడ్వక ఎత్తి పెట్టవలెను.