ముప్పై సెంట్ల రాయి

మన సాఫ్ట్‌వేరు కుర్రాళ్ళ నిశ్చితార్థాల్లో వజ్రపుటుంగరం ఈమధ్య కంపల్సరీ సబ్జెక్టు అయిపోయింది. తాంబూలాలు మర్చిపోయినా ఫరవాలేదు గానీ, స్టేజీ మీద ఫోటోగ్రాఫరు "సార్, ఉంగరం కొంచెం కెమెరా వైపు తిప్పండి" అన్నప్పుడు అందులో రాయి మెరవకపోతే కొంప మునిగినట్టే. నా అభ్యంతరం ముందే చెప్పేస్తా. వందేళ్ళు కూడా నిండని ఒక ప్రకటనల ప్లానుకి మనం సంప్రదాయం అని పేరు పెట్టుకున్నాం. అంతవరకే అయితే నవ్వి ఊరుకునేవాణ్ణి. దాని బిల్లు మాత్రం ఆడపిల్ల తండ్రి కడుతున్నాడు. అదీ నా గొడవ.

"అదేంటండీ, వజ్రాలు మనవేగా, కోహినూరు మనదేగా" అని ఎవరో ఒకరు అంటారని తెలుసు. మనవే, కాదనను. బ్రెజిల్‌లో 1720ల్లో వజ్రాలు బయటపడేదాకా ప్రపంచానికి దాదాపుగా మన దేశమే దిక్కు, అందులోనూ పేరున్నవన్నీ మన కృష్ణ ఒడ్డువే. కొల్లూరు గనుల్లో అరవై వేల మంది పనిచేస్తున్నారని పదిహేడో శతాబ్దంలో వచ్చి చూసిన ఫ్రెంచి వ్యాపారి తావెర్నియే రాసుకున్నాడు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల రిజర్వాయరు ముంపులో ఉంది. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ అరవై వేల మందిలో ఎంతమంది తమ పెళ్ళికి వజ్రం పెట్టుకుని ఉంటారు? మట్టి తవ్వింది మనవాళ్ళు, పెట్టుకుంది నవాబులూ రాజులూ. మన నేలలో దొరికినంత మాత్రాన అది మన ఆచారం అయిపోదు.

మన పెద్దవాళ్ళకి రవ్వలంటే ఇష్టం లేదనీ కాదు. కాస్త కలిగిన ఇళ్ళలో ఏడు రాళ్ళ దుద్దులూ, రవ్వల ముక్కుపుడకా ఉండేవి. రాయిలో నల్ల చుక్క ఉందా, కాకిపాదం ఉందా అని వెలుగులో పెట్టి మరీ చూసుకుని కొనేవారు. ప్రధానపుటుంగరం అనే మాట కూడా మనకి పాతదే. కానీ అందులో రాయి ఉండి తీరాలని ఎవరూ అనలేదు. నిశ్చయ తాంబూలాల్లో విఘ్నేశ్వర పూజ, లగ్నపత్రిక, పిల్లకి చీరా పసుపూ కుంకుమా, పెద్దవాళ్ళు తాంబూలాలు మార్చుకోవడం, ఆ తర్వాత భోజనాలు. అంతే. మా గోదావరి జిల్లాల వాళ్ళకైతే ఆ చివరిదే ముఖ్యం అనుకోండి, అది వేరే సంగతి.

మరి ఈ రిక్వైర్‌మెంట్ ఎక్కణ్ణుంచి వచ్చింది? మన ప్రాజెక్టుల్లో అప్పుడప్పుడు జరుగుతుంటుంది చూడండి, క్లయింటు అడగని ఫీచరు డాక్యుమెంటులో ఉంటుంది, తీరా తవ్వితే దాన్ని రాసింది వెండరు! ఇదీ అంతే. దక్షిణాఫ్రికాలో 1860ల చివర్లో వజ్రాలు కుప్పలుగా దొరకడం మొదలైంది. సరుకు ఎక్కువైతే ధర పడిపోతుంది కదా. దాన్ని గుప్పిట్లో పెట్టుకోవడానికి 1888లో డి బీర్స్ కంపెనీ ఏర్పడింది. 1930ల మాంద్యంలో గిరాకీ పడిపోతే 1938లో ఎన్.డబ్ల్యు. అయర్ అనే అమెరికా ప్రకటనల కంపెనీని ఆశ్రయించారు. 'వజ్రం శాశ్వతం' అన్న అర్థం వచ్చే నినాదం 1947లో అక్కడే పుట్టింది. రాసినావిడ ఫ్రాన్సెస్ గెరెటీ. ఆవిడ జీవితంలో పెళ్ళే చేసుకోలేదు.

జపాన్ సంగతి ఇంకా చిత్రం. 1967లో అక్కడ వజ్రపుటుంగరం పెట్టుకున్న పెళ్ళికూతుళ్ళు నూటికి ఐదుగురు కూడా లేరు. 1981 కల్లా అరవై మంది అయ్యారు. పద్నాలుగేళ్ళలో ఒక జాతికి కొత్త ఆచారం ఇన్‌స్టాల్ చేసేశారన్నమాట. ఉంగరానికి ఎంత ఖర్చు పెట్టాలో కూడా వాళ్ళే చెప్పారు. అమెరికా వాడికి రెండు నెలల జీతం, జపాన్ వాడికి మూడు నెలల జీతం. మన దగ్గరికి 1990ల్లో వచ్చారు, 2000ల్లో ఐశ్వర్యా రాయ్‌తో నక్షత్ర ప్రకటనలు టీవీల్లో మోగిపోయాయి. ఆ ప్రకటనలు చూస్తూ పెరిగిన పిల్లలమే ఇప్పుడు పెళ్ళిపీటల మీద కూర్చుంటున్నాం.

సరే, ఇది చరిత్ర. ఇక మా రాజమండ్రి కథ చెప్తాను.

మా బాబాయి రిటైరైన స్కూలు మాస్టారు. చెల్లెలు హైదరాబాదులో టెస్టింగులో పనిచేస్తుంది. సంబంధం కుదిరింది, కుర్రాడు మన బాపతే, జావా డెవలపరు. కట్నం మాటే ఎత్తలేదు, చాలా మర్యాదస్తులు. నిశ్చితార్థానికి మూడు వారాల ముందు కాబోయే వియ్యపురాలుగారి దగ్గర్నుంచి ఫోను. "మాకేమీ అక్కర్లేదండీ అన్నయ్యగారూ. అబ్బాయి ఆఫీసు వాళ్ళంతా వస్తున్నారు కదా, ఉంగరం మాత్రం డైమండ్‌ది అయితే బావుంటుందండి. ఆపైన మీ ఇష్టం." ఈ 'మీ ఇష్టం' అనే మాటకి మా వైపు అర్థమేంటో ఆడపిల్లని కన్న ఏ తండ్రినడిగినా చెప్తాడు.

బాబాయితో పాటు నేనూ మెయిన్ రోడ్డులో ఒక పెద్ద షాపుకి వెళ్ళాను. ఏసీ, కూల్‌డ్రింకు, మర్యాదలన్నీ అయ్యాక సేల్స్ కుర్రాడు ఒక ఉంగరం తీసి, "ఇది ముప్పై సెంట్లు అండి, వీవీఎస్, ఈఎఫ్ కలరు" అన్నాడు. బాబాయి నా వైపు తిరిగి మెల్లిగా అడిగాడు: "సెంట్లంటే ఏంట్రా? మనకి తెలిసిన సెంటు కాదా?"

కాదు బాబాయ్. మనకి తెలిసిన ముప్పై సెంట్లంటే 1452 గజాల నేల. వీళ్ళ ముప్పై సెంట్లంటే క్యారట్‌లో వందకి ముప్పై వంతులు. క్యారట్ అంటే 200 మిల్లీగ్రాములు కాబట్టి 60 మిల్లీగ్రాములు. బియ్యపు గింజ దీనికన్నా పెద్దగా కనిపిస్తుంది.

"ఇన్వెస్ట్‌మెంట్ అండి ఇది" అన్నాడు కుర్రాడు. "రేపు అవసరమొచ్చి మీకే తిరిగి తెస్తే ఎంతిస్తారు?" అని అడిగాను. "ఎక్స్చేంజికైతే మేమే తీసుకుంటామండి. క్యాషంటే మాత్రం రాయికి కొంచెం కటింగ్ ఉంటదండి." కొంచెం అంటే ఎంత? "అది మేనేజరుగారు చూసి చెప్తారండి." మేనేజరుగారు ఆ రోజు లేరు.

లెక్క మనమే వేసుకుందాం. 24 క్యారట్ల బంగారం పది గ్రాములు 2025 ఏప్రిల్‌లో మొదటిసారి లక్ష దాటింది, సులువుగా ఉంటుంది కాబట్టి ఆ లక్షే పట్టుకుందాం. ఉంగరం 3.5 గ్రాములు, 18 క్యారట్లు అనుకోండి. అంటే అందులో అసలు బంగారం 75 శాతం, 2.625 గ్రాములు. విలువ 26,250 రూపాయలు. బిల్లు 1,20,000 అయితే మిగతా 93,750 రాయికీ, మజూరీకీ, 3 శాతం జీఎస్టీకీ పోయినట్టు. ఆ 26 వేల బంగారాన్ని ఏ ఊళ్ళోనైనా, ఏ కొట్లోనైనా ఆ రోజు రేటుకి కాస్త అటూ ఇటూగా అమ్ముకోవచ్చు. మిగతాది మేనేజరుగారి దయ. కొన్న చోట తప్ప వేరే చోట సరైన ధర పలకని వస్తువుని మన భాషలో వెండర్ లాకిన్ అంటాం, ఇన్వెస్ట్‌మెంట్ అనం.

"పోనీ ల్యాబ్ వజ్రం తీసుకోవచ్చుగా" అన్నాను. పక్క కౌంటర్లో అవీ ఉన్నాయి. బాబాయి భయపడిపోయాడు. "డూప్లికేటు పెట్టామంటారు రా!"

ఇక్కడ మనం ఇంజనీర్లలా మాట్లాడుకోవాలి. వజ్రం అంటే కర్బనం, అది 1797లోనే తేలిపోయింది. అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ వాళ్ళు 1954లో ప్రయోగశాలలో తయారు చేశారు. అది గాజు కాదు, అమెరికన్ డైమండ్ అని మనం పిలిచే జిర్కోనియా కూడా కాదు. అదే కర్బనం, అదే స్ఫటిక నిర్మాణం, అదే గట్టిదనం. షాపుల్లో ఉండే పెన్ను లాంటి టెస్టరు రెంటినీ వజ్రమనే చెప్తుంది, తేడా పట్టాలంటే ప్రత్యేకమైన యంత్రాలు కావాలి. అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2018లో వజ్రం నిర్వచనంలోంచి 'సహజమైన' అన్న మాటే తీసేసింది. ఇంకో తమాషా. కోహినూరు లాంటి పేరుమోసిన గోల్కొండ వజ్రాలు టైప్ 2ఏ జాతివి, నైట్రోజన్ దాదాపు ఉండదు. గనుల్లో దొరికేవాటిలో ఇవి నూటికి ఒకటో రెండో. వాయువుల్లోంచి సీవీడీ పద్ధతిలో పెంచే ల్యాబ్ వజ్రాలు చాలామటుకు ఆ టైప్ 2ఏనే. అంటే కోహినూరు రసాయనశాస్త్రం కావాలనుకునేవాడు వెళ్ళాల్సింది ఆ పక్క కౌంటరుకే!

2023 జూన్‌లో మన ప్రధాని అమెరికా అధ్యక్షుడి భార్యకి ఇచ్చింది 7.5 క్యారట్ల ల్యాబ్ వజ్రమే. అమెరికా విదేశాంగ శాఖ దాని విలువ 20,000 డాలర్లని లెక్కగట్టింది. వైట్ హౌసుకి పనికొచ్చిన రాయి రాజమండ్రి ఫంక్షన్ హాలుకి డూప్లికేటు అయిపోయిందా?

అలాగని ల్యాబ్ వజ్రాన్ని నెత్తికెత్తుకోమనడం లేదు. దాని ధర కొన్నేళ్ళుగా పడుతూనే ఉంది, తిరిగి అమ్మితే ఇంకా తక్కువొస్తుంది. డి బీర్స్ వాళ్ళే 2018లో లైట్‌బాక్స్ పేరుతో క్యారట్ 800 డాలర్లకి ల్యాబ్ వజ్రాల నగలు మొదలుపెట్టి, 2025 మేలో ఆ దుకాణం మూసేస్తున్నామన్నారు. నేను చెప్పేదల్లా, మెరుపు కావాలంటే మెరుపుకి తగ్గ డబ్బు పెట్టండి. 'భూమి లోపల కోట్ల ఏళ్ళు' అనే కథకి అదనంగా పెట్టే డబ్బు మీ సొంతానిదైతే మీ సరదా. పెళ్ళికూతురి నాన్నదైతే మాత్రం సరదా కాదు.

ఇక మా చెల్లెలు చెప్పిన ముక్క. "అన్నయ్యా, వాళ్ళు నాకు పెట్టేది మామూలు బంగారపుటుంగరమేనట, తెలుసా?" ఆ పిల్లకి వజ్రం కావాలని కాదు, అది అడిగింది లెక్క. ప్రేమకి గుర్తయితే రెండు వైపులా ఒకేలా ఉండాలి కదా? ఒక వైపు నుంచే పారేదాన్ని ప్రేమ అనరు, లాంఛనం అంటారు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడక్కుండా, తాహతుకి మించకుండా, ఆచారం కొద్దీ ఇచ్చే కానుక కానుకే. అడగడం మాత్రం నేరం. "ఆపైన మీ ఇష్టం" అని చివర తగిలిస్తే అడిగినట్టు కాదా?

కాబోయే బావగారికి ఫోను చేశాను. మంచివాడే, ఇబ్బంది పడ్డాడు కూడా. "నాకేం తెలీదండీ బావగారూ, ఇవన్నీ అమ్మే చూసుకుంటోంది" అన్నాడు. ప్రొడక్షన్లో సర్వరు పడిపోతే అర్ధరాత్రి రెండింటికి లేచి ఏ లైన్లో తప్పుందో చెప్పగలిగిన మనిషికి, తన వేలికి ఎక్కబోయే ఉంగరం ఎవరి డబ్బుతో వస్తోందో తెలీదట. ఇది అతనొక్కడి మాట కాదు, మన తరం కుర్రాళ్ళ జాతీయగీతం. అమ్మ అడుగుతుంది, మనకి తెలీదు. మామగారు ఇస్తారు, మనం కాదనలేం. ఫోటోలో మాత్రం వేలు మనదే.

కోరుకొండ రోడ్డు వైపు బాబాయికి ఐదు సెంట్ల స్థలం ఉంది. అది అమ్మలేదు, సంతోషం. బ్యాంకులో పిన్ని ఆపరేషన్ కోసం దాచిన ఎఫ్‌డీ విరగ్గొట్టి, గనిలోంచి వచ్చిందే కొన్నాడు. నేనెంత చెప్పినా "ఆడపిల్ల వాళ్ళం నాన్నా, నీకు తెలీదు" అన్నాడు. పిన్ని ఆపరేషన్ సంక్రాంతి తర్వాతకి వాయిదా పడింది.

ఎంత చెప్పినా కొనేవాళ్ళు కొంటారు కాబట్టి పనికొచ్చే నాలుగు ముక్కలు. హాల్‌మార్కూ, దాని పక్కనుండే ఆరక్షరాల హెచ్‌యూఐడీ బంగారం గురించే చెప్తాయి, రాయి గురించి కాదు. రాయికి జీఐఏ, ఐజీఐ లాంటి ల్యాబుల సర్టిఫికెట్ అడగండి, అందులో గనిదా ల్యాబుదా అన్నది చూడండి, నంబరు ఆ ల్యాబు వాళ్ళ సైట్లో సరిపోల్చుకోండి. బిల్లులో బంగారం బరువు, రాయి బరువు, మజూరీ విడివిడిగా రాయించుకోండి. క్యాషుకి తిరిగి తీసుకుంటే ఎంత శాతమో అదే బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే మీకు జవాబు దొరికినట్టే. అర క్యారట్, ఒక క్యారట్ దగ్గర రేటు అమాంతం ఎగురుతుంది కాబట్టి 50 సెంట్ల బదులు 47 సెంట్లది అడగండి. ఆ మూడు సెంట్ల తేడా ఏ ఆడపడుచు కంటికీ ఆనదు.

పెళ్ళి కుదిరిన అబ్బాయిలు మాత్రం షాపుకి వెళ్ళేముందు ఒక్క ఫోను చెయ్యండి. మీ అమ్మగారికి కాదు, నేరుగా మామగారికి. "ఉంగరం మామూలు బంగారంది చాలండీ, రాయి వద్దు" అని. రెండు నిమిషాల పని. మీ అమ్మగారు రెండ్రోజులు అలుగుతారు, ఆ తర్వాత ఆవిడే పదిమందికీ చెప్పుకుంటారు, మావాడు ఏమీ అడగలేదని.

పెళ్ళైపోయినవాళ్ళకి ఒకే ప్రశ్న. మీ వేలికున్న ఆ ముప్పై సెంట్లు ఎవరి ఖాతాలోంచి వచ్చాయో ఎప్పుడైనా అడిగారా?