కారు వాడిది, తాడు నాది

ఈసారి జనవరి 26 సోమవారం పడింది. అంటే శని, ఆది, సోమ. లీవు పెట్టే పని లేకుండా మూడు రోజులు. క్యాలెండర్ చూసిన గంటలోనే మా నలుగురి వాట్సాప్ గ్రూపులో "బాదామి?" అని ఒక్క మాట పడింది. మూడు బొటనవేళ్లు లేచాయి.

హైదరాబాద్‌లో బండలకేం కొదవ అంటారేమో. నిజమే, మనది గ్రానైట్ ఊరు. కానీ ఇక్కడ మేం ఎక్కేవి చాలావరకు పొట్టి గుండ్లు, కింద పరుపు పరుచుకుని. సరిహద్దు దాటి కర్ణాటకలోకి వెళ్తే బాదామిలో నిలువుగా లేచిన ఎర్ర ఇసుకరాతి గోడలుంటాయి. వాటికి ముందే బోల్టులు బిగించి ఉంటాయి. ఎక్కుతూ ఒక్కో బోల్టుకీ క్విక్‌డ్రా తగిలించి, అందులో తాడు వేసుకుంటూ పైకి పోవడమే స్పోర్ట్ క్లైంబింగ్. చెయ్యి జారితే తాడు ఆపుతుంది. ఆ తాడుని కింద ఇంకో మనిషి ఆపాలి. ఆ మనిషే బెలేయర్. మా గ్రూపులో ఈ వారం గొడవంతా ఆ మనిషి గురించే.

దారి గురించి గొడవేం లేదు. జడ్చర్ల, మహబూబ్‌నగర్, మక్తల్, కృష్ణ దాటితే రాయచూరు. అక్కణ్ణించి లింగసుగూరు, ఇలకల్, బాదామి. 400 కిలోమీటర్ల పైమాటే. టీలు, టిఫిన్లు కలుపుకుంటే తొమ్మిది గంటలు. "శుక్రవారం ఆఫీసవగానే బయల్దేరి రాత్రంతా నడిపేస్తా, పొద్దున్నే ఎక్కేద్దాం" అన్నాడు మావాడు. కారు వాడిదే మరి. నేను కుదరదన్నాను. రాత్రంతా నిద్ర లేనివాడి చేతిలో పొద్దున్నే తాడు పెట్టను. శనివారం తెల్లవారుజామున బయల్దేరి, మధ్యాహ్నానికి చేరి, సాయంత్రం అగస్త్య తీర్థం గట్టు మీద కాళ్లు చాపుకుందాం. ఆదివారం పూర్తిగా, సోమవారం పొద్దున్న పదింటిదాకా ఎక్కుదాం. లెక్కేస్తే మూడు రోజుల సెలవులో ఎక్కేది ఒకటిన్నర రోజే. మొదటిసారి వెళ్లేవాళ్లకి ఈ లెక్క ఏడుపు తెప్పిస్తుంది, ముందే చెప్తున్నా.

అసలు గొడవ వేరే. మావాడు బెలే చేస్తానంటే నేను వద్దంటున్నా.

పోయిన ఏడాది జరిగింది ఇది. మా తాడు 60 మీటర్లు. ఎక్కినవాళ్లని పైనున్న యాంకర్ నుంచి కిందికి దించాలంటే తాడు మడత పడుతుంది కాబట్టి, 30 మీటర్ల ఎత్తు దాకానే సరిపోతుంది. నేనెక్కిన రూటు అంతకన్నా కాస్త పొడుగని మాకు తెలీదు. పైదాకా వెళ్లి, "దించెయ్" అని అరిచాను. హాయిగా వెనక్కి వాలి దిగుతున్నా. కింద మావాడు ఒక చేత్తో తాడు వదులుతూ, రెండో చేత్తో ఫోను చూస్తున్నాడు. రీల్ ఏదో అప్‌లోడ్ అవుతోందట.

పక్క రూటు దగ్గరున్న స్థానిక కుర్రాడొకడు గట్టిగా అరిచాడు. కన్నడం నాకు రాదు గానీ ఆ అరుపు అర్థమైంది. కిందికి చూస్తే, వాడి చేతిలోని పరికరానికి అవతల తాడు ఒక మీటరు కూడా మిగల్లేదు. చివర ముడి లేదు. ఇంకో రెండు సెకన్లయితే తాడు కొస అందులోంచి సర్రున జారిపోయేది, దాంతోపాటు నేనూ. ఆ కుర్రాడు ఉరికొచ్చి కింది తాడు పట్టుకున్నాడు. మావాణ్ణి చొక్కా పట్టుకుని గోడ వైపు, గట్టు మీదకి లాగాడు. అలా దొరికిన నాలుగడుగుల తాడుతో నేనో అంచు మీదకి చేరాను. అక్కడ నిలబడి, ముడి విప్పుకుని, మిగతా ఐదారడుగులూ వాళ్ల చేతుల్లోకి దిగాను. చుట్టూ కోతులు మా అరటిపళ్ల సంచీ ఖాళీ చేస్తున్నాయి, ఎవరూ పట్టించుకోలేదు.

తప్పు వాడొక్కడిదే అనను. "కొసకి ముడి వేశావా?" అని నేను ఎక్కేముందు అడగలేదు. ఆ రోజు సాయంత్రం ఖానావళిలో జొన్నరొట్టె, ఎణ్ణెగాయి తింటూ ఇద్దరం నవ్వేశాం కూడా. రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు. ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

అందుకే ఈసారి ప్లాన్‌లో నా మొదటి లైను హోటల్ కాదు, తాడు. 70 మీటర్లది కొన్నాం, నలుగురం పంచుకుని. కొసకి ముడి, అది 70 అయినా సరే. ఎక్కేముందు ఒకరి హార్నెస్ బకిల్, ముడి ఇంకొకరు చూడాలి. గ్రిగ్రి ఉంది కదా, అదే ఆపుతుందిలే అనే మాట ఎవరూ అనొద్దు. అది సాయం చేస్తుందంతే, కింది తాడు మీంచి చెయ్యి తియ్యకూడదు. తేనెపట్టు కనిపిస్తే ఆ గోడ వదిలెయ్యాలి. ఆరో శతాబ్దపు గుహాలయాల రాతిని క్లైంబింగ్ కోసం ముట్టుకోవద్దు, టికెట్ కొని చూడ్డానికే వెళ్దాం. మన వేంగిని ఏలిన తూర్పు చాళుక్యుల మూలపురుషుడు కుబ్జ విష్ణువర్ధనుడు బాదామి నుంచి వచ్చినవాడే, రెండో పులకేశి తమ్ముడు. ఆ లెక్కన మనకీ చుట్టాల ఊరే.

చివరి లైను రాయడానికి మూడు రోజులు పట్టింది. "బెలే నేను, ఆమె మాత్రమే" అని పెట్టాను. ఆమె అంటే మా గ్రూపులో నాలుగో మనిషి. రెండు నీలం టిక్కులు. జవాబు లేదు.

మర్నాడు ఫోన్ చేశాడు. "కారు కావాలి, నేనక్కర్లేదన్నమాట."

"కారు లేకపోతే బస్సు మారుతూ పోతాం రా. నువ్వు తాడు పట్టుకుంటే నేను ఎక్కలేను, అంతే."

చాలాసేపు మాట్లాడలేదు. "ఆ రోజు నాకూ నిద్ర పట్టలేదు" అన్నాడు. ఆ మాట ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదో నేనడగలేదు, నేనూ చెప్పలేదు కదా.

ఒప్పందం ఇదీ: రోజూ సాయంత్రం క్లైంబింగ్ జిమ్‌లో వాడు బెలే చేస్తాడు, వెనకాల ఇంకొకరు కింది తాడు పట్టుకుని నిలబడతారు. ఫోను బ్యాగులో. బాదామిలో కూడా అలాగే, సులువైన రూట్ల మీద. నా మీద కాదు, ముందు ఆమె మీద. ఆమె ఒప్పుకుంది, నాకన్నా ధైర్యస్తురాలు.

ఇక మిగిలింది ఇలకల్‌లో ఆగడం. చీర తెమ్మంది అమ్మ. అంచు ఏ రంగో ఇంకా తేల్చలేదు.